మొదటి నెల కిరాయి తప్పినప్పుడే

(హన్మకొండలో కిరాయి ఇళ్లలో ఉండే కుటుంబాల కోసం పెట్టిన సమావేశంలో ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని అల్లరి చేయనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు. నా గొంతు కోర్టులో అరిచి అరిచి గట్టిపడిందే.

నన్ను పిలిచినవాళ్లు "కిరాయిదారుల హక్కుల గురించి చెప్పండి మేడం" అన్నారు. చెప్తాను. దానికంటే ముందు ఒక ప్రశ్న. మీలో ఎప్పుడో ఒకప్పుడు ఓనరు ఖాళీ చేయమంటే ఇల్లు మారినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే, దించండి. ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను. కోర్టు నుంచి కాగితం వస్తే ఖాళీ చేసినవాళ్లు ఎంతమంది? చూశారా? ఒక్క చెయ్యి లేవలేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. మన ఊళ్లో ఇళ్లు ఖాళీ చేయించేది కోర్టు కాదు, నోటిమాట. మెట్ల దగ్గరో, నల్లా దగ్గరో ఎదురుపడి "ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి" అంటారు. అంతే. కేసు లేదు, నోటీసు లేదు, తారీఖు లేదు. కేసే లేనప్పుడు రికార్డు ఎక్కడిది? రికార్డే లేనప్పుడు, ఇంతమంది ఇళ్లు పోగొట్టుకుంటున్నారని ఏ ఆఫీసరుకు తెలుస్తుంది? నా దగ్గరికి వచ్చేసరికి చాలామంది సామాను ఇప్పటికే అక్క ఇంట్లోనో, ఊళ్లోనో ఉంటుంది. అప్పుడు నేను చెప్పే సెక్షన్లు వాళ్లకు దేనికి పనికొస్తాయి? అందుకే చట్టం గురించి కొంతే మాట్లాడతాను. దానికి ముందు జరిగేదాని గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందు మన ఊరి సంగతి. వరంగల్, హన్మకొండ, కాజీపేట, చుట్టుపక్కల కలిపిన ఊళ్లు, అన్నీ చూస్తే 2011 లెక్కలకే ఎనిమిది లక్షలు దాటాం. ఆజంజాహి మిల్లు 1934లో పెట్టారు. మిల్లు నడిచినన్నాళ్లు కార్మికులకు క్వార్టర్లు ఉండేవి. కాజీపేటలో రైల్వే క్వార్టర్లు ఇప్పటికీ చూస్తున్నాం. అంటే పని ఇచ్చినవాళ్లే నీడ సంగతి కూడా చూసేవాళ్లు. మరి ఇవాళ ఎనుమాముల మార్కెట్లో మూటలు మోసే హమాలీకి ఎవరు క్వార్టరు ఇస్తారు? ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద ఊడ్చే అక్కకు? బట్టల షాపులో పొద్దంతా నిలబడే అమ్మాయికి? ఆటో నడిపే తమ్ముడికి? వీళ్లందరికీ దొరికేది కిరాయి గదే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట వైపు నుంచి పిల్లల చదువు కోసం వచ్చి, ఒక్క రేకుల గదిలో సర్దుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? ఇంకో పక్క నయీంనగర్, కిషన్‌పుర వైపు చూడండి. ఒక పోర్షన్‌లో కుటుంబాన్ని పెడితే వచ్చే కిరాయి కన్నా నలుగురు విద్యార్థులను పెడితే ఎక్కువ వస్తుంది. ఓనరు లెక్క ఓనరుది. ఆ లెక్కలో ముందు బయటికి పోయేది మాత్రం పిల్లలున్న కూలి కుటుంబం.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. అక్కా, మీ కిరాయి ఎంత? మూడు వేలా? సరే, మూడు వేలే అనుకుందాం. రెండు నెలలు తప్పింది. బాకీ ఆరు వేలు. ఆ ఆరు వేల కోసం ఓనరు ఖాళీ చేయమన్నాడు, మీరు చేశారు. ఇప్పుడు కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు ఆరు వేలు. మొదటి నెల కిరాయి మూడు వేలు. సామాను ట్రాలీకి వెయ్యి. పాత ఓనరు సున్నం పైసలని పట్టుకున్నది రెండు వేలు. మొత్తం పన్నెండు వేలు. పాత బాకీ ఆరు వేలు ఎలాగూ అడ్వాన్సులో కోసుకుంటాడు, అందుకని అది కలపలేదు. ఆరు వేలు సర్దలేని కుటుంబం పన్నెండు వేలు ఎక్కడి నుంచి తెస్తుంది? నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తుంది. నెలకు ఆరు వందల మిత్తి. లేదంటే గిరిగిరి వాళ్ల దగ్గర తెచ్చి రోజూ కడుతుంది. మరి వచ్చే ఏడు మళ్లీ కిరాయి తప్పదా? తప్పుతుంది. తప్పితే మళ్లీ ఖాళీ.

ఇది డబ్బు వరకే. పిల్లల బడి మధ్యలో మారుతుంది. రేషన్ షాపు దూరమవుతుంది. ఆధార్‌లో అడ్రసు పాతది, గ్యాసుది ఇంకా పాతది. ఇంట్లో పనికి పోయే అక్కకు కొత్త ఇల్లు మూడు కిలోమీటర్లు దూరమైతే పొద్దున చేసే రెండిళ్లు పోతాయి.

కిరాయిలు ఎప్పుడు తప్పుతాయి? నా దగ్గరికి వచ్చేవాళ్లను బట్టి చెప్తున్నాను, జూన్ తర్వాత. ఎందుకు? మిర్చి సీజన్ అయిపోతుంది, మార్కెట్లో మూటలు తగ్గుతాయి. వానలు మొదలైతే మేస్త్రీ పని, సెంట్రింగ్ పని ఆగుతుంది. సరిగ్గా అప్పుడే బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం. ఆషాఢంలో ఇల్లు మారడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ఓనరు కూడా "ఆషాఢం పోనియ్యి, శ్రావణంలో చూసుకో" అంటాడు. నేనైతే ఆ ఆషాఢాన్ని దేవుడిచ్చిన గడువు అంటాను. ఆ నెల రోజులు మనం ఊరికే పోగొడుతున్నాం. ఓనరుకు కనపడకుండా తప్పించుకుని తిరుగుతాం, ఫోన్ ఎత్తం. అక్కడే చెడుతుంది.

మొదటి నెల తప్పినప్పుడే మాట్లాడాలి. రెండో నెల కాదు, మూడో నెల అసలే కాదు. "అన్నా, ఈ నెల వెయ్యి ఇస్తున్న, మిగిలింది బతుకమ్మ లోపు మూడు సార్లు ఇస్తా" అని మీరే ముందు పోయి చెప్పండి, వెయ్యి చేతిలో పెట్టండి. ఖాళీ చేతులతో పోయి చెప్పే మాటకూ, వెయ్యి పెట్టి చెప్పే మాటకూ చాలా తేడా. వాయిదాల్లో తీసుకోవడం కొత్త ముచ్చట కాదు. కరోనాలో, 2020 ఏప్రిల్‌లో, మన రాష్ట్ర ప్రభుత్వమే మూడు నెలలు కిరాయి కోసం ఒత్తిడి చేయొద్దు, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోండి అని ఓనర్లకు చెప్పింది. అందరూ పాటించారా అంటే లేదు. పాటించినవాళ్ల ఇళ్లేమీ కూలిపోలేదు కదా?

పొదుపు సంఘాల అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ సంఘంలో లోపలి అప్పులు ఇచ్చుకుంటారు కదా? రూపాయి వడ్డీకి. పెళ్లికి ఇస్తారు, ఫీజుకు ఇస్తారు, దావఖానకు ఇస్తారు. కిరాయికి ఎప్పుడైనా ఇచ్చారా? ఎందుకియ్యలేదు? "కిరాయి కట్టలేనిది అప్పేం కడుతది" అని అనుకుంటారు. నేను ఇందాక చెప్పిన లెక్క మళ్లీ చూడండి. ఆరు వేలు ఇప్పుడు ఇస్తే ఆమె అక్కడే ఉంటుంది, మీ సంఘంలోనే ఉంటుంది, నెలనెలా కడుతుంది. ఇయ్యకపోతే ఆమె హసన్‌పర్తి అవతలికి పోతుంది, పాత అప్పు కూడా మునుగుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. డబ్బు ఆమె చేతికి కాకుండా నేరుగా ఓనరు ఫోన్‌పేకు కొట్టండి. ఓనరు పేరు మీద డబ్బు పోయినట్టు రికార్డు ఉంటుంది. అది ఎందుకో తర్వాత చెప్తాను.

ఓనర్ల భయాలు

ఓనర్లు కూడా కొందరు వచ్చారు, సంతోషం. భయపడకండి, మిమ్మల్ని తిట్టడానికి నేను రాలేదు. మన ఊళ్లో ఓనరంటే పది అంతస్తుల మనిషి కాదు. రిటైరైన మాస్టారు, భర్త పోయి రెండు పోర్షన్ల కిరాయి మీద మందులు కొనుక్కునే పెద్దమ్మ, గల్ఫ్‌కు పోయిన కొడుకు పంపిన డబ్బుతో పైన రెండు గదులు వేసుకున్న తండ్రి. వాళ్లకు రెండు నెలలు కిరాయి రాకపోతే వాళ్ల ఇంట్లో కూడా పొయ్యి మీద లెక్క తప్పుతుంది. ఇది మనం ఒప్పుకోవాలి.

మరి వాళ్లు అగ్రిమెంటు ఎందుకు రాయరు? రసీదు ఎందుకియ్యరు? రెండు భయాలు. ఒకటి ఇంటి పన్ను. మన దగ్గర ఆస్తి పన్ను కిరాయి విలువ మీద వేస్తారు. కాగితం మీద కిరాయి కనపడితే పన్ను పెరుగుతుందని భయం. రెండోది పెద్ద భయం. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుడిదైపోతుందని. ఈ మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో! అందుకే మంచిగా కిరాయి కడుతున్నవాళ్లను కూడా రెండు మూడేళ్లకు ఒకసారి తిప్పేస్తారు. తప్పులేని కుటుంబం ఆ భయానికి బలి.

ఓనర్లు జాగ్రత్తగా వినండి. పన్నెండేళ్లు అనేది మీ అనుమతి లేకుండా, ఇది నాదే అని మీకు ఎదురు తిరిగి కూర్చున్నవాడి గురించి. మీరు తాళం ఇచ్చి, మీకు కిరాయి కట్టి ఉన్నవాడు పన్నెండు కాదు, నలభై ఏళ్లున్నా కిరాయిదారుడే. కిరాయికి దిగినవాడు, దిగిన రోజున నీకు ఓనరుషిప్ లేదు అని తర్వాత వాదించడానికి వీల్లేదని సాక్ష్యాల చట్టమే చెప్తుంది. మరి అతను కిరాయికి దిగాడని రుజువేంటి? అగ్రిమెంటు. రసీదు. మీరు భయపడి రాయనిదే మిమ్మల్ని కాపాడే కాగితం! పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందుకే అందరూ పదకొండు రాస్తారు. పదకొండు అయిపోతే మళ్లీ ఇంకో కాగితం రాసుకోండి. కాగితం మారితే చాలు, మనిషి మారాల్సిన పని లేదు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే సగం గొడవలు దాని మీదే. ఒకే మీటరు, మూడు పోర్షన్లు, లోపల సబ్ మీటర్లు. యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసేవాళ్లను నేను చూశాను. నెలకు వంద యూనిట్లలోపు వాడే ఇంటికి కరెంటు కంపెనీ తీసుకునేది మొదటి యాభైకి యూనిట్ 1 రూపాయి 95 పైసలు, తర్వాత యాభైకి 3 రూపాయల 10 పైసలు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది, రేషన్ కార్డు ఉన్న ఇంట్లో 200 యూనిట్లలోపైతే జీరో బిల్లు, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. కానీ మూడు పోర్షన్లు ఒకే మీటరు మీద ఉంటే వాడకం కలిసి 200 దాటిపోతుంది, ఎవరికీ రాదు. పోర్షన్‌కు ఒక మీటరు తీసుకోండి అన్నా. ఖర్చు ఒక్కసారే. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు నెలకు నాలుగైదు వందలు మిగిలితే అది తిరిగి మీ కిరాయిలోకే వస్తుంది.

ఇక చట్టం. తొందరగా చెప్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి.

మనకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉంది. ఆ చట్టం కింద ఉన్న ఇంటి నుంచి కిరాయిదారుని పంపాలంటే చట్టంలో రాసిన కారణం ఉండాలి, కిరాయి కేసులు చూసే అధికారి, అంటే రెంట్ కంట్రోలర్, ఇచ్చిన ఆర్డరు ఉండాలి. కిరాయి కట్టకపోవడం ఒక కారణం. ఓనరుకే ఇల్లు నిజంగా అవసరం కావడం ఒక కారణం. చెప్పకుండా ఇంకొకరికి కిరాయికి ఇవ్వడం, ఇల్లు పాడుచేయడం, ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. కిరాయి తప్పింది కావాలని కాదు అని కంట్రోలర్‌కు నమ్మకం కుదిరితే, కట్టడానికి పదిహేను రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు. కట్టిన ప్రతి కిరాయికి రసీదు అడిగే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది. ఖాళీ చేయించాలని ఓనరు కిరాయి తీసుకోవడమే మానేస్తే? అది పాత ఎత్తు. మీరు కట్టలేదని చూపించడానికి. అప్పుడు రాతపూర్వకంగా బ్యాంకు ఖాతా అడగండి, చెప్పకపోతే మనీ ఆర్డరు పంపండి, అదీ తిప్పి పంపితే జమ చేసే దారి చట్టంలో ఉంది. కేసు నడుస్తున్నప్పుడు మాత్రం కిరాయి ఆపకండి. చాలామంది "కేసు అయినంక చూద్దాం" అంటారు. ఆపితే వాదన వినకుండానే ఖాళీ ఆర్డరు వస్తుంది.

మంచి చట్టమే కదా? ఇప్పుడు అసలు సంగతి. 2005లో సవరణ చేశారు. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే ఈ చట్టం వర్తించదు. ఇల్లు కట్టి పదిహేనేళ్లు కాకపోయినా వర్తించదు. 2005లో 3,500 అంటే మంచి ఇల్లే. ఇవాళ? ఒక గది, ఒక వంటిల్లు ఉన్న రేకుల పోర్షనే చాలా బస్తీల్లో అక్కడికి వచ్చింది. ఏటా ఐదు వందలు పెరుగుతూ పోతుంటే, మనకు తెలియకుండానే మనం చట్టం గడప దాటి బయటికొచ్చాం. ఆ అంకె మార్చమని ఎవరైనా ఎమ్మెల్యేను అడిగారా? నేనైతే వినలేదు. దిల్లీలో 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ నమూనా కిరాయి చట్టానికి ఆమోదం ఇచ్చింది. అందులో ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దని ఉంది, అగ్రిమెంటు తప్పనిసరి అని ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంటేనే మనకు వర్తిస్తుంది.

మరి 3,500 దాటినవాళ్లకు ఏ దిక్కూ లేదా? ఉంది. నెలనెలా కిరాయికి ఉన్నవాళ్లకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా దిగకపోతే కోర్టులో దావా వేయాలి, తాళం వేయడానికి లేదు. ఓనరైనా సరే కాపురం ఉన్నవాళ్లను చట్టప్రకారమే పంపాలి, బలవంతంగా పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కరెంటు తీసేయడం, నల్లా బంద్ చేయడం, మీరు పనికి పోయినప్పుడు కొత్త తాళం వేయడం, సామాను గల్లీలో పడేయడం, ఇవేవీ చేయకూడదు. చేస్తే ఆరు నెలల్లోపు కోర్టుకు పోయి ఇల్లు మళ్లీ చేతికి తెచ్చుకునే దావా ఉంది. ఆరు నెలలు, గుర్తుపెట్టుకోండి. స్టేషన్‌కు పోతే "ఇది సివిల్ మ్యాటర్" అంటారు. కిరాయి బాకీ సివిల్ మ్యాటరే. ఇంట్లోకి జొరబడి సామాను విసరడం సివిల్ మ్యాటర్ కాదు. ఆ మాట గట్టిగా అనండి.

అయితే ఇవన్నీ చెప్పాలంటే మీరు ఆ ఇంట్లో కిరాయికి ఉన్నారని చూపించాలి కదా? చేతికి నగదు ఇస్తూ పోతే ఏం చూపిస్తారు? అందుకే ఫోన్‌పే అన్నాను. "మే నెల కిరాయి" అని మెసేజీ రాసి పంపండి. నగదే తీసుకుంటానంటే పది రూపాయల నోట్‌బుక్ కొని నెల, మొత్తం, సంతకం అని మూడు గీతలు గీయండి. ఓనరు సంతకం పెట్టనంటే, ఇచ్చిన రోజే "అన్నా, మే కిరాయి మూడు వేలు ఇచ్చిన" అని వాట్సాప్ పెట్టండి. దానికి జవాబుగా ఆయన వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు నాకు. కోర్టులో వాదించడానికి ఒక కొస దొరుకుతుంది.

వకీలు ఫీజు భయం కొందరిది. న్యాయసేవల చట్టం 1987లో వచ్చింది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు. మిగతా పేదలకు ఆదాయ పరిమితిని బట్టి. ఫోన్ నంబరు 15100. న్యూయార్క్ నగరంలో 2017లో చట్టం తెచ్చారు, ఇల్లు ఖాళీ కేసుల్లో ఇరుక్కున్న పేద కిరాయిదారులకు వకీలును నగరమే పెట్టాలని. దాని గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు. మన చట్టం దానికి ముప్పై ఏళ్ల ముందుది! అక్కడ జనం వాడుకుంటున్నారు, మన దగ్గర తెలియదు. తేడా అంతే.

చావు, పురుడు, కులం

ఇప్పుడు సెక్షన్లలో ఎక్కడా లేని సంగతి. మీ అందరికీ తెలిసిందే, కానీ సభల్లో ఎవరూ మాట్లాడరు.

కిరాయి ఇంట్లో మనిషి చనిపోతే ఏమవుతుంది? ఆస్పత్రి నుంచి శవాన్ని తెస్తే ఓనరు గేటు తీయడు. నేను వర్షంలో చూశాను, రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, కింద తండ్రి శవం, పక్కన పిల్లలు. ఆ గదికి ఆ మనిషి ఆరేళ్లు కిరాయి కట్టాడు. కొన్ని కుటుంబాలైతే ఇంటి ముఖం చూపించకుండా నేరుగా శ్మశానానికే తీసుకుపోతాయి. తర్వాత దినాలు ఎక్కడ చేయాలి? మూడో రోజు ఎక్కడ, పదకొండో రోజు ఎక్కడ? ఆ తల్లి తెల్లచీరతో ఎక్కడ కూర్చోవాలి?

ఇంకా ఘోరమైనది చావుకు ముందు జరిగేది. పెద్దాస్పత్రిలో "ఇక ఇంటికి తీసుకుపోండి" అని చెప్తారు. ఆ మాటకు అర్థం మనకు తెలుసు, ఓనరుకూ తెలుసు. రెండో రోజే వచ్చి, "ఆయనకు బాగలేదంట గదా, ఊరికి తీసుకపోండ్రి, ఆడ గాలి మంచిగుంటది" అంటాడు. ఎంత మెత్తగా అంటాడో! ఊళ్లో ఇల్లు ఉంటే వీళ్లు ఇక్కడికెందుకు వస్తారు? క్యాన్సరు మనిషిని చివరి పది రోజులు పెట్టుకోవడానికి చోటు కోసం చుట్టాల ఇళ్లు తిరిగే కుటుంబాలున్నాయి ఈ ఊళ్లో. అది కూడా ఖాళీ చేయించడమే. రోగం వచ్చినందుకు ఖాళీ చేయించడం.

ఓనర్లను అడిగితే ధనిష్ఠా పంచకం అంటారు. ఆ నక్షత్రాల్లో పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలని పంతులు చెప్పాడు, ఆరు నెలల కిరాయి మీరిస్తారా అంటారు. నమ్మకాల మీద వాదించడానికి నేను రాలేదు. ఒక్కటే అడుగుతాను. అదే ఇంట్లో మీ అమ్మ పోతే శాంతి చేయించి అందులోనే ఉంటున్నారా లేదా? ఉంటున్నారు. మరి ఆ శాంతి కిరాయి పోర్షన్‌కు పనిచేయదా? పంతులు ఖర్చు సగం సగం వేసుకుందాం అని చెప్పండి. నవ్వకండి, నేను నిజంగానే రెండు అగ్రిమెంట్లలో ఈ మాట రాయించాను. దిగేటప్పుడే, అందరూ బాగున్నప్పుడే మాట్లాడుకుంటే ఓనరు ఒప్పుకుంటాడు. శవం గేటు ముందు ఉన్నప్పుడు మాట్లాడితే ఒప్పుకోడు.

కార్పొరేషన్ కూడా ఒక పని చేయాలి. శ్మశానాలకు వైకుంఠధామం అని పేర్లు పెట్టారు, గేట్లు, తోటలు పెట్టారు. వాటి పక్కన నాలుగు గదులు, రెండు బాత్రూములు, ఒక వంటిల్లు కట్టండి. పన్నెండు రోజులు కుటుంబం అక్కడ ఉండి దినాలు చేసుకుంటుంది. పెద్ద ఖర్చేం కాదు.

పురుడు విషయంలో కూడా ఇంతే. ఏడో నెల రాగానే "మా ఇంట్లో పురుడు వద్దు" అంటారు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఇల్లు మారకూడదని చెప్పేదీ వాళ్లే, ఖాళీ చేయమనేదీ వాళ్లే.

కులం గురించి ఎక్కువ చెప్పను. టులెట్ బోర్డు చూసి పోతే కిరాయి ఎంతో చెప్పకముందే "మీరేమోళ్లు?" అని అడుగుతారు. దాచిపెట్టి దిగినవాళ్లు భయంతో బతుకుతారు. చుట్టమెవరో వచ్చి ఇంటి పేరు చెప్తే బయటపడుతుంది, ఆ నెలే ఖాళీ. ముస్లిం కుటుంబాలకైతే కొన్ని కాలనీల్లో బోర్డు కూడా కనపడదు, అప్పటికప్పుడే "ఇచ్చేసినం" అంటారు. ఇలా ఎంచుకునే ఇళ్లు తగ్గినకొద్దీ ఉన్న ఇంట్లో ఎంత అన్యాయం జరిగినా నోరెత్తరు. ఓనరుకు కూడా ఆ సంగతి తెలుసు.

నాలా పక్కన ఉన్నవాళ్లు కొందరు చేతులెత్తారు, వాళ్ల గురించి రెండు మాటలు. 2023 జూలైలో, మొన్న 2025 అక్టోబరులో మొంథా తుపానుకు, మన కాలనీలు మునిగాయి. నాలా పక్క గదులే చవక, అందుకే పేదలు అక్కడుంటారు. నాలా వెడల్పు చేయాలి, కాదనను. కానీ కూలగొట్టినప్పుడు లెక్కలోకి వచ్చేది ఇంటి నంబరు, ఓనరు పేరు. లోపలున్న మూడు కిరాయి కుటుంబాలు ఎక్కడ? 2013 భూసేకరణ చట్టంలో, పట్టణంలో మూడేళ్లకు పైగా అక్కడ నివాసం ఉన్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా చెప్పారు. భూమి సేకరించినప్పుడు అది వర్తిస్తుంది. మూడేళ్లు ఉన్నామని ఎలా చూపిస్తారు? మళ్లీ అదే నోట్‌బుక్, అదే ఫోన్‌పే.

సర్కారు ఇండ్ల గురించి అడుగుతారని తెలుసు. డబుల్ బెడ్‌రూం అంటే 560 చదరపు అడుగుల ఇల్లు. మన బస్తీల్లోనే 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి తిరిగి మాటిచ్చారు, మీలో కొందరు ఆ రోజు అక్కడ ఉన్నారు. ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లకు ఐదు లక్షలు, కానీ ముందు సొంత జాగ ఉన్నవాళ్లకు. జాగ లేనివాళ్లది ఇంకో జాబితా. కిరాయికి ఉండేవాళ్లలో జాగ ఉన్నవాళ్లు ఎంతమంది? 2022లో జక్కలొద్ది దగ్గర ఎండలో గుడిసెలు వేసుకున్నవాళ్లు ఎవరు? కిరాయి కట్టలేక పోయినవాళ్లే ఎక్కువ. దరఖాస్తు పెట్టండి, పెట్టొద్దని నేననను. కానీ ఇల్లు వచ్చేదాకా కిరాయి ఇంట్లో నిలబడాలి కదా? ఆ మధ్య కాలానికి ఏ పథకమూ లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. సొంతిల్లు ఇస్తామని ప్రతి పార్టీ చెప్తుంది. ఉన్న కిరాయి ఇంట్లో ఉండనిస్తామని ఏ పార్టీ చెప్పదు.

అందుకే మనం అడగాల్సింది చిన్నది. కాశిబుగ్గ, కాజీపేట సర్కిల్ ఆఫీసుల్లో వారానికి ఒక రోజు ఒక టేబుల్ వేయండి. న్యాయసేవల సంస్థకు పారా లీగల్ వలంటీర్లు, అంటే చట్టం మీద శిక్షణ తీసుకున్న కార్యకర్తలు, ఉన్నారు, వాళ్లను కూర్చోబెట్టండి. ఓనరు ఖాళీ చేయమన్నాడని కిరాయిదారు పోయి చెప్పాలి, కిరాయి రావట్లేదని ఓనరు కూడా అక్కడికే పోయి చెప్పాలి. ఇద్దరినీ పిలిచి వాయిదాలు రాయించి, రాజీతో గొడవలు తేల్చే లోక్ అదాలత్‌లో పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కోర్టు ఫీజు లేదు. కేసు వేయకముందే కూడా పెట్టుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదనే నా అభిప్రాయం. ఇంకో లాభం, ఆ టేబుల్ మీద ఒక రిజిస్టరు ఉంటుంది. ఎంతమందిని, ఏ నెలలో, ఏ కారణం చెప్పి ఖాళీ చేయమన్నారో మొదటిసారి ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. మీ కార్పొరేటర్‌ను అడగండి, ఒక్కరు కాదు, సంఘం మొత్తం పోయి అడగండి. పిటిషన్ నేను రాసిపెడతాను.

ఇక్కడ ముందు టేబుల్ మీద రసీదు నమూనా, పదకొండు నెలల అగ్రిమెంటు నమూనా పెట్టాం, తెలుగులోనే ఉన్నాయి. ఓనర్లు కూడా తీసుకోండి. ఆ చివర తమ్ముడు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు, అడ్వాన్సు తిరిగి ఇవ్వట్లేదనుకుంటా. మైకు అతనికి ఇవ్వండి.